కొత్త కమ్యూనిటీల్లో స్కూల్ గదులు ఎందుకు చాలవు, తల్లిదండ్రులు ఏం అడగాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఉత్తర డాలస్ శివారులో కొత్త కమ్యూనిటీలో ఇల్లు కొన్నారు. పాప సెకండ్ గ్రేడ్, బాబుకి మూడేళ్లు. దగ్గర్లోని ఎలిమెంటరీ స్కూల్ తెరిచిన కొద్దికాలానికే నిండిపోయింది, వెనక పోర్టబుల్ గదులు (తెచ్చి పెట్టే తాత్కాలిక గదులు) పెట్టారు, వచ్చే ఏడాదికి బౌండరీలు, అంటే ఏ వీధి పిల్లలు ఏ స్కూల్‌కి వెళ్లాలన్న హద్దులు, మారుస్తామంటున్నారు. "ఇన్ని ఇళ్లు వస్తున్నాయని వీళ్లకి ముందే తెలియదా? పక్క డిస్ట్రిక్ట్‌లో స్కూళ్లు మూసేస్తుంటే ఇక్కడ గదులు చాలకపోవడమేమిటి? మేం చేయగలిగింది ఏమైనా ఉందా?" అని అడిగారు. నేను ఈ ప్రాంతంలోనే ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) ప్లానింగ్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఆ తర్వాత తల్లిదండ్రుల తరఫున బాండు (స్కూళ్లు కట్టడానికి ఓటర్ల అనుమతితో తెచ్చే అప్పు) కమిటీలో, బౌండరీ కమిటీలో కూర్చున్నాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఇళ్లు వస్తున్నాయని డిస్ట్రిక్ట్‌కి తెలుసు. మీ బిల్డర్ సిటీ ఆఫీసులో ప్లాట్ల మ్యాపు దాఖలు చేసిన నాటినుంచీ తెలుసు. తెలిసి కూడా ఇలా జరగడానికి మూలం ఏమిటంటే, స్కూల్ భవనం యాభై ఏళ్లు నిలవాల్సింది, ఒక కమ్యూనిటీలో పిల్లల తాకిడి మాత్రం పది పన్నెండేళ్లు ఉండి తగ్గిపోతుంది. బాగా ఎక్కువగా ఉన్న ఏడాది లెక్క పట్టుకుని కడితే తర్వాత గదులు ఖాళీగా పడి ఉంటాయి. తక్కువ లెక్క పట్టుకుని కడితే మీ పాపలాంటి పిల్లలు ఇప్పుడు ఇరుక్కుంటారు. కొరత అసలు రానివ్వని డిస్ట్రిక్ట్‌ని నేను ఎక్కడా చూడలేదు. వచ్చే కొరత ఎన్నేళ్లు ఉంటుందో, ఎవరి పిల్లల మీద పడుతుందో ముందుగా బయటపెట్టి చెప్పే డిస్ట్రిక్ట్‌ని మంచిది అంటాను. మీరు అడగాల్సింది కూడా అదే.

పక్క డిస్ట్రిక్ట్‌లో స్కూళ్లు మూసేస్తున్న సంగతి చూడండి. ప్లేనో ఒకప్పుడు మీ ఊరిలాంటిదే. వరసపెట్టి ఇళ్లు, వరసపెట్టి స్కూళ్లు. 2024 జూన్‌లో ప్లేనో ఐఎస్‌డీ (అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్) బోర్డు నాలుగు స్కూళ్లు మూసేయడానికి ఓటేసింది. డేవిస్, ఫోర్‌మన్ అనే రెండు ఎలిమెంటరీలు, ఆర్మ్‌స్ట్రాంగ్, కార్పెంటర్ అనే రెండు మిడిల్ స్కూళ్లు. ఫ్రిస్కో ఇంకా దగ్గరి ఉదాహరణ. 2003 దాకా అక్కడ ఒక్కటే హైస్కూల్. ఆ ఏడాది సెంటెనియల్ తెరిచారు. 2022లో పాంథర్ క్రీక్ తెరిచేసరికి హైస్కూళ్లు పన్నెండు అయ్యాయి. ఆ తర్వాత రెండేళ్లకి, 2024 డిసెంబరులో, ఊరి పాత భాగంలో ఉన్న స్టేలీ మిడిల్ స్కూల్‌ని మూసేయాలని అదే డిస్ట్రిక్ట్ నిర్ణయించింది. ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే, 2023 సెన్సస్ అంచనాల్లో ఇరవై వేలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో దేశంలోకెల్లా వేగంగా పెరిగింది సెలీనా, ఏడాదిలో 26.6 శాతం. మరుసటి ఏడాది ఆ స్థానం ప్రిన్స్‌టన్‌ది, 30.6 శాతం. ఇవన్నీ ఒకే కౌంటీ చుట్టుపక్కల ఊళ్లే. పిల్లలు తగ్గిపోలేదు, ఉత్తరానికి జరిగారు. భవనాన్ని వాళ్ల వెంట జరపలేం.

ఇలా ఎందుకు జరుగుతుందో మన కమ్యూనిటీలు చూస్తేనే తెలుస్తుంది. కొత్త ఫేజ్‌లోకి ఒకే వయసు జంటలు ఒకేసారి దిగుతారు. ఆఫీసులో ఒకరు కొంటే ఇంకో నలుగురు అదే వీధిలో కొంటారు. ప్రతి ఇంట్లో కిండర్‌గార్టెన్‌కి ఒకరు, స్ట్రోలర్‌లో ఒకరు. పన్నెండు, పదిహేనేళ్లకి వీళ్లంతా దాదాపు కలిసే హైస్కూల్ దాటిపోతారు. తల్లిదండ్రులు మాత్రం ఇల్లు వదలరు. తక్కువ వడ్డీకి దొరికిన లోన్‌ని ఎవరు వదులుకుంటారు? అమ్మినా, ఆ పెరిగిన ధర పెట్టి కొనగలిగేవాళ్లలో చిన్న పిల్లలున్న జంటలు తక్కువ. ఎలిమెంటరీ ముందు ఖాళీ అవుతుంది, తర్వాత మిడిల్, ఆఖరున హైస్కూల్. ఏ డిస్ట్రిక్ట్ అయినా ఎటు పోతోందో తెలుసుకోవాలంటే నేను మొదట చూసే లెక్క ఒక్కటే. కిండర్‌గార్టెన్‌లో ఎందరున్నారు, పన్నెండో గ్రేడ్‌లో ఎందరున్నారు, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కిండర్‌గార్టెన్ బాగా తక్కువైతే ఆ డిస్ట్రిక్ట్ ఇప్పుడు ఎంత కిటకిటలాడుతున్నా లోపల తగ్గుదల మొదలైనట్టే.

ఇక పిల్లల సంఖ్య అంచనాలు ఎలా వేస్తారంటే, రెండు లెక్కలు కలుపుతారు. మొదటిది, ఈ ఏడాది థర్డ్ గ్రేడ్‌లో ఉన్న పిల్లల్లో వచ్చే ఏడాది ఫోర్త్ గ్రేడ్‌కి ఎంతమంది చేరుతున్నారు అని గత కొన్నేళ్ల తీరు చూస్తారు. పెరిగే ఊళ్లో వందమంది నూటఐదుగురు అవుతారు, తగ్గే ఊళ్లో తొంభై ఏడవుతారు. రెండోది, కొత్త ఇంటికి సగటున ఎందరు పిల్లలు వస్తారన్న లెక్క. ఉదాహరణకి ఇంటికి 0.4 ఎలిమెంటరీ పిల్లలు అనుకుంటే వెయ్యి ఇళ్లకి నాలుగు వందల మంది, అంటే సగం స్కూల్. అదే 0.6 అయితే ఆరు వందలు. ఆ చిన్న తేడాలో ఒక స్కూల్ నిండిపోతుంది. మన వాళ్లు ఎక్కువగా దిగే కమ్యూనిటీల్లో, డిస్ట్రిక్ట్ మొత్తం సగటు తీసుకుని లెక్కకడితే తరచూ తక్కువ వస్తుంది. నాకు తెలిసిన ప్లానర్లు ఇప్పుడు ఒక్కో కమ్యూనిటీకి విడిగా లెక్కిస్తున్నారు. మీ డిస్ట్రిక్ట్ అలా చేస్తోందో లేదో అడగండి.

అన్నిటికంటే కష్టం కిండర్‌గార్టెన్ అంచనా. దానికి ముందు గ్రేడ్ లేదు కదా. ఐదేళ్ల క్రితం కౌంటీలో పుట్టిన పిల్లల లెక్క చూద్దామంటే, మీ వీధిలో పిల్లలు పుట్టింది ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలోనో, న్యూజెర్సీలోనో, హైదరాబాద్‌లోనో. పైగా మొత్తం డిస్ట్రిక్ట్ అంచనా బాగానే కుదిరినా ఒక్కో స్కూల్ దగ్గరికి వచ్చేసరికి తప్పుతుంది. లెక్క చిన్నదయ్యేకొద్దీ పొరపాటు వాటా పెరుగుతుంది. అందుకే "మా అంచనా సరిగ్గా వచ్చింది" అని డిస్ట్రిక్ట్‌ని నడిపే సూపరింటెండెంట్ అంటారు, "మా స్కూల్ నిండిపోయింది" అని మీరంటారు. ఇద్దరిదీ నిజమే.

అధికారం ఎవరి చేతిలో ఉందో కూడా తెలుసుకోవాలి. చాలామంది మన వాళ్లకి ఇక్కడే తికమక. టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ సిటీ కింద ఉండదు, కౌంటీ కింద ఉండదు. దాని హద్దు వేరు, దాని బోర్డు వేరు, దాని పన్ను వేరు. ఇళ్లకి అనుమతులిచ్చేది సిటీ. "స్కూళ్లు చాలవు, కొన్నాళ్లు ఆపండి" అని ఆదేశించే అధికారం డిస్ట్రిక్ట్‌కి లేదు. ప్రిన్స్‌టన్ 2024లో కొత్త ఇళ్ల అనుమతులు కొంతకాలం నిలిపేసింది గానీ అది సిటీ కౌన్సిల్ చేసిన పని, నీళ్లు, మురుగునీరు, రోడ్ల ఒత్తిడి చూపించి చేసింది. కాలిఫోర్నియాలో కొత్త ఇంటి విస్తీర్ణాన్ని బట్టి స్కూళ్ల కోసం బిల్డర్ల దగ్గర రుసుము వసూలు చేసుకునే వీలు 1980ల నుంచీ ఉంది. టెక్సస్‌లో ఆ వీలు లేదు. ఇక్కడ ఇంపాక్ట్ ఫీజు (కొత్త నిర్మాణాల మీద వేసే రుసుము) అంటే నీళ్లు, మురుగు, వరద నీరు, రోడ్లకే. కాబట్టి డిస్ట్రిక్ట్ చేయగలిగిందల్లా స్థలం ముందుగా కొని పెట్టుకోవడం, బిల్డర్లతో మాట్లాడి కమ్యూనిటీ మధ్యలో స్థలం రాబట్టుకోవడం, తర్వాత డబ్బు కోసం ఓటర్ల దగ్గరికి వెళ్లడం. స్థలం చేతిలో ఉన్నా డిజైన్‌కి దాదాపు ఏడాది, ఎలిమెంటరీ కట్టడానికి ఇంకో ఏడాదిన్నర. హైస్కూల్ అయితే ఇంకా ఎక్కువ. బాండు ఎన్నికలు మే, నవంబరు నెలల్లోనే వస్తాయి. ఒక ఎన్నిక పోతే మీ పాప ఒక గ్రేడ్ దాటిపోతుంది.

డబ్బు సంగతి కాస్త నెమ్మదిగా చదవండి. ఇది తెలియక బోర్డు మీటింగుల్లో చాలామంది తప్పు మనిషి మీద కోప్పడుతుంటారు. డిస్ట్రిక్ట్ పన్ను రెండు భాగాలు. ఒక భాగం జీతాలు, కరెంటు, బస్సులు వంటి రోజువారీ ఖర్చుకి. రెండోది బాండు అప్పు తీర్చడానికి. బాండు డబ్బుతో భవనం కట్టొచ్చు, టీచర్‌కి జీతం ఇవ్వకూడదు. కొత్త స్కూల్ తెరిస్తే ప్రిన్సిపాల్, నర్సు, కౌన్సెలర్, లైబ్రేరియన్, వంటవాళ్లు, ఆఫీసు సిబ్బంది, వీళ్లందరి జీతాలూ మొదటి భాగం నుంచే రావాలి. పిల్లలు మాత్రం పక్క స్కూల్ నుంచి విడిపోయి వచ్చినవాళ్లే. రాష్ట్రం ఇచ్చేది పిల్లల హాజరు సగటును బట్టి. అంటే ఖర్చు పెరుగుతుంది, ఆదాయం పెరగదు. పైగా ఒక్కో విద్యార్థికి రాష్ట్రం లెక్కగట్టే మూల మొత్తం 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. 2025లో దాన్ని 55 డాలర్లు పెంచారు. ఈ మధ్యకాలంలో ధరలు ఎంత పెరిగాయో మీ గ్రోసరీ బిల్లు చెబుతుంది.

ఈ ముడి ఎలా బిగుసుకుంటుందో ఫ్రిస్కోలో 2016లో కనిపించింది. రోజువారీ ఖర్చుల పన్ను పెంచుకోవడానికి ఆగస్టులో ఎన్నిక పెట్టారు, ఓటర్లు వద్దన్నారు. పిల్లలు వేలల్లో పెరుగుతున్న రోజులవి. అయినా తెరవాల్సిన నాలుగు కొత్త స్కూళ్లను డిస్ట్రిక్ట్ వాయిదా వేసింది. కట్టడానికి డబ్బుంది, నడపడానికి లేదు. 2018 నవంబరులో మళ్లీ అడిగితే 691 మిలియన్ డాలర్ల బాండుకీ, పన్ను మార్పుకీ ఒప్పుకున్నారు. 2024 నవంబరులో దాదాపు 1.08 బిలియన్ల బాండు, పన్ను పెంపు కలిపి అడిగితే అన్నీ ఓడిపోయాయి. అప్పటికి పిల్లల సంఖ్య తగ్గుతోంది, ఇంకా ఎందుకన్న ప్రశ్న జనంలో బలంగా ఉంది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే ముప్పై ఏళ్ల భవనానికి పైకప్పు, ఏసీ మార్చడం కూడా బాండులోంచే రావాలన్నది ఓటర్లకి చెప్పి ఒప్పించడం చాలా కష్టం.

ఓటర్లు దేనికి అవునంటారో, దేనికి కాదంటారో ప్రాస్పర్ డిస్ట్రిక్ట్‌లో 2023లో చూశాం. మొత్తం 2.8 బిలియన్ల ప్యాకేజీలో స్కూళ్ల భాగానికి ఒప్పుకున్నారు, స్టేడియం వద్దన్నారు. రాక్ హిల్ 2020లో, వాల్‌నట్ గ్రోవ్ 2023లో, రిచ్‌లాండ్ 2025లో, ఇలా అక్కడ ఐదేళ్లలో మూడు కొత్త హైస్కూళ్లు తెరిచారు. అంత వేగం కావాల్సిన చోటు అది. 2019 చట్టం తర్వాత బ్యాలెట్ మీద పెద్ద అక్షరాలతో "ఇది ఆస్తి పన్ను పెంపు" అని రాసి ఉంటుంది, పన్ను రేటు పెరగకపోయినా సరే. అది చూసి వెనక్కి తగ్గకుండా లోపలి అంశాలు విడివిడిగా చదవండి.

ఇప్పుడు మీ స్కూల్ దగ్గరికి వద్దాం. "సామర్థ్యం 750, ఉన్నది 800" అని మీకు చెప్పి ఉంటారు. ఆ 750 ఎలా వచ్చిందో అడగండి. గదుల సంఖ్యని 22తో గుణిస్తే వచ్చేది కాగితం లెక్క. స్పెషల్ ఎడ్యుకేషన్ గదిలో ఎనిమిది, పదిమంది పిల్లలే ఉండొచ్చు. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకి, డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది) తరగతికి, స్పీచ్ థెరపీకి గదులు కావాలి. అవన్నీ తీసేశాక మిగిలేదే అసలు సామర్థ్యం. ఆ 22 ఎక్కడిదంటే, కిండర్‌గార్టెన్ నుంచి నాలుగో గ్రేడ్ దాకా తరగతికి 22 మంది మించకూడదని టెక్సస్ చట్టం. రాష్ట్రాన్ని అడిగి మినహాయింపు తెచ్చుకోవచ్చు, చాలా డిస్ట్రిక్ట్‌లు తెచ్చుకుంటాయి. ఒక గ్రేడ్‌లో 44 మంది ఉంటే రెండు గదులు సరిపోతాయి, 45వ పిల్ల చేరగానే మూడోది కావాలి. అందుకే ఆగస్టులో చేరిన ఒక్క కుటుంబం వల్ల కూడా కొత్త టీచర్, కొత్త గది అవసరం పడొచ్చు. ఆ గది లేనప్పుడే "ఈ గ్రేడ్ నిండింది, మీ పిల్లని పక్క స్కూల్‌కి పంపుతాం" అంటారు. మీ బాబుకి కిండర్‌గార్టెన్ రిజిస్ట్రేషన్ తెరిచిన మొదటి వారంలోనే పేరు పెట్టండి. వేసవిలో ఇండియా వెళ్లి ఆగస్టులో వచ్చి చేర్పిద్దామనుకునే మన కుటుంబాలే ఎక్కువగా దీనికి దొరికిపోతాయి.

పోర్టబుల్స్ గురించి మీ బెంగ అర్థమైంది. అవి చెడ్డవని నేననను. తాకిడి తాత్కాలికమైనప్పుడు తాత్కాలిక గది సరైన జవాబే. లోపల ఏసీ, ఇంటర్నెట్, స్మార్ట్ బోర్డు అన్నీ ఉంటాయి. చూడాల్సింది వేరే. నాలుగు పోర్టబుల్స్ పెడితే గదులు పెరుగుతాయి గానీ కెఫెటేరియా పెరగదు, బాత్రూములు పెరగవు, జిమ్ పెరగదు, పిల్లల్ని దింపే కార్ల వరస మాత్రం పెరుగుతుంది. మొదటి లంచ్ పదిన్నరకే పెడుతున్నారంటే ఆ స్కూల్ అసలు పరిమితి దాటిపోయిందని అర్థం. ఇంకోటి మన ప్రాంతానికి ముఖ్యం. టోర్నడో హెచ్చరిక వస్తే పోర్టబుల్ పిల్లల్ని ప్రధాన భవనంలోకి తేవాలి. ఎంతసేపట్లో తెస్తారు, లోపల వాళ్లకి ఏ హాలు కేటాయించారు, వానలో దారి ఎలా, ఎన్నిసార్లు సాధన చేయిస్తున్నారు అని ప్రిన్సిపాల్‌ని అడగండి. మర్యాదగా అడిగితే ఏ ప్రిన్సిపాలూ తప్పుగా తీసుకోరు.

బౌండరీ మార్పు మీటింగులో ఏం మాట్లాడాలన్నది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయం. ఆ మీటింగుల్లో నేను ఎక్కువగా విన్న వాదన ఇంటి ధర. "ఈ స్కూల్ చూసే ఇల్లు కొన్నాం" అన్నది. ఆ బాధ నిజమే, మనవాళ్లు జీవితకాలపు పొదుపు పెట్టి కొంటారు. కానీ కమిటీ ముందు ఆ వాదన నిలబడదు, ఎందుకంటే మ్యాపులో ప్రతి వీధివాళ్లూ అదే అంటారు. నిలబడే వాదన పిల్లలు ఎన్నిసార్లు మారాలన్నది. ఒక పిల్ల ఎలిమెంటరీలో ఒకసారి స్కూల్ మారితే తట్టుకుంటుంది. రెండేళ్లలో రెండుసార్లు మార్చడం తప్పు, దానికోసం గట్టిగా నిలబడండి. ఈ బౌండరీ ఎన్నేళ్లు ఉంటుంది? తర్వాతి ఎలిమెంటరీ స్థలం ఎక్కడ, అది తెరిచినప్పుడు మళ్లీ మారేది ఎవరు? ఫిఫ్త్ గ్రేడ్ పిల్లల్ని ఉన్నచోటే ఉంచుతారా? వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్ల సంగతేమిటి, బస్సు ఎవరిస్తారు? ఈ ఎలిమెంటరీ పిల్లలు మిడిల్ స్కూల్‌కి కలిసి వెళ్తారా, చీలిపోతారా?

ఇంకో మాట మనసులోంచి చెబుతున్నాను. ఏ ఊళ్లో చూసినా ప్రతిసారీ కదిలేది అపార్ట్‌మెంట్ల పిల్లలు. వాళ్ల తల్లిదండ్రులు సాయంత్రం ఆరున్నర మీటింగుకి రాలేరు, వాట్సాప్ గ్రూపు ఉండదు, అందరూ ఒకే రంగు చొక్కాలు వేసుకుని వరసలో కూర్చోరు. మన గ్రూపులు పెద్దవి, గంటలో రెండు వందల ఈమెయిళ్లు పంపించగలం. ఆ బలాన్ని "ఆ అపార్ట్‌మెంట్లని మా స్కూల్లో కలపొద్దు" అనడానికి వాడినప్పుడు నాకు చాలా బాధ వేసింది. పదేళ్ల కింద మనలో చాలామందిమి ఆ అపార్ట్‌మెంట్లలోనే ఉన్నాం, మన పిల్లలూ అక్కడినుంచే బడికెళ్లారు. మీరు మాట్లాడే రోజున మ్యాపులో వాళ్లు ఇదివరకు ఎన్నిసార్లు మారారో కూడా అడగండి.

"మాకు ఓటు లేదు, హెచ్1బీ మీద ఉన్నాం" అని మీలో కొందరు రాశారు. బాండు ఎన్నికలో ఓటు పౌరులకే, నిజమే. కానీ బోర్డు మీటింగులో అజెండాలో ఉన్న అంశం మీద మాట్లాడే అవకాశం ప్రజలకి ఇవ్వాలని 2019 నుంచి రాష్ట్ర చట్టమే ఉంది, దానికి పౌరసత్వం అడగరు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, గడువు డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. బౌండరీ కమిటీలకీ, సౌకర్యాల కమిటీలకీ తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు పిలుస్తారు, వేసుకోండి. మ్యాపు గీసే గదిలో కూర్చున్న ఒక్కరి మాట, మ్యాపు అయిపోయాక వచ్చిన వందమంది మాట కంటే ఎక్కువ పనిచేస్తుంది. ఇంగ్లీషులో మైకు ముందు మాట్లాడ్డానికి జంకుగా ఉంటే రాసి పంపండి. పిల్లల సంఖ్య అంచనాల నివేదిక సాధారణంగా బోర్డు మీటింగుల్లోనే సమర్పిస్తారు. అందులో మీ ఎలిమెంటరీ వరస వెతికి, పదేళ్ల అంచనా ఎటు పోతోందో చూడండి.

మీ పాప విషయంలో నేనైతే ఇలా చేస్తాను. ముందు డిస్ట్రిక్ట్ చేతిలో ఉన్న తర్వాతి ఎలిమెంటరీ స్థలం ఎక్కడుందో కనుక్కుంటాను. అది మీ కమ్యూనిటీలోనో, పక్కనో ఉండి, రెండేళ్లలో తెరుస్తామని బాండులో డబ్బు కూడా ఉంటే, ఇప్పుడు మా వీధిని కదపకండి, ఆ రెండేళ్లూ పోర్టబుల్స్‌లో సర్దుకుంటాం అని రాసి ఇస్తాను. పాప ఫిఫ్త్ గ్రేడ్‌కి, బాబు కిండర్‌గార్టెన్‌కి వచ్చేసరికి ఒక్కసారే మారతారు, ఇద్దరూ ఒకే స్కూల్‌కి వెళ్తారు. ఆ స్థలం దూరంగా ఉంటే, లేదా తెరిచే ఏడాది ఎవరూ చెప్పలేకపోతే, ఇప్పుడే మారిపోవడం నయం. థర్డ్ గ్రేడ్ మొదట్లో మారిన పిల్లకి కొత్త స్నేహితులతో మూడేళ్లు ఉంటాయి. మ్యాపు ముసాయిదా బయటికి రాకముందే ఆ ఈమెయిల్ పంపండి, బోర్డు సభ్యులైన ట్రస్టీలందరికీ, ప్లానింగ్ విభాగానికీ కలిపి.